ఏ పెల్లెట్ కొనాలో బ్యారెల్‌నే అడగాలి

రైఫిల్ షూటింగ్ గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ముందు తగిలేది పౌడర్, అంటే తూటాలో పోసే మందు, గురించిన పంచాయితీ. అమెరికా లాంటి చోట్ల రైఫిల్ వాళ్ళు కాల్చిన ఇత్తడి కేసులు ఏరుకొని, మందు అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, పౌడర్ తూచి పోసి, పైన బుల్లెట్ బిగించి తూటాలు ఇంట్లోనే చేసుకుంటారు. ఏ పౌడర్ ఎంత తొందరగా కాలుతుంది, ఎండకు ఎంత మారుతుంది అని వాళ్ళ వాదనలు తెగవు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. ఆ దారి మనది కాదు. నల్లగొండలోనో పాలమూరులోనో ఉండి రైఫిల్ నేర్చుకుందాం అనుకునేవాళ్ళకు అందేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు మాత్రం డీలరు అడుగుతాడు.

ఈ రైఫిల్‌లో పౌడర్ పని గాలి చేస్తుంది. ఆ గాలి ఎంత తోయాలో ఫ్యాక్టరీలోనే కొలిచి పెట్టేశారు. మన చేతిలో మిగిలింది పెల్లెట్, అంటే ఆ గాలి తోసే చిన్న సీసపు గుండు, ఒక్కటే. తూటాలు నింపుకునేవాళ్ళకు కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అని నాలుగు తలనొప్పులు. మనకు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ షాపాయన ఏ డబ్బా ఇస్తే అది పట్టుకొచ్చి, గ్రూపు (కాగితం మీద వరస షాట్ల రంధ్రాల గుంపు) చెదిరిపోతుంటే రైఫిల్‌ను తిట్టుకునేవాళ్ళే ఎక్కువ.

పెల్లెట్‌ను దగ్గరగా చూడండి. బుడబుక్కలాయన చేతిలో డమరుకం ఎట్లుంటదో అదే ఆకారం: ముందు తల, నడుమ సన్నటి నడుము, వెనుక బోలుగా విచ్చుకున్న స్కర్ట్. ఈ మూడింటికీ వేర్వేరు పనులు. తల బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాట్ల మధ్య ఉండే గట్ల మీద ఆనుకొని పెల్లెట్‌ను మధ్యలో నిలుపుతుంది. స్కర్ట్ వెనుక నుంచి వచ్చే గాలికి ఉబ్బి, గాట్ల అడుగు దాకా పోయి సీలు వేస్తుంది. నడుము సన్నగా ఉండటం వల్ల బరువు ముందుకు జరుగుతుంది, వెనుక స్కర్ట్ గాలిని పట్టి తోకలా పనిచేస్తుంది. స్కర్ట్ అంచు మీద చిన్న సొట్ట పడితే సీలు ఒక పక్క లీకవుతుంది, పెల్లెట్ బ్యారెల్ దాటగానే ఆ పక్క గాలి తన్నుతుంది. తలకు సొట్ట ఉన్నా కొంత నయం, స్కర్ట్‌కు ఉంటే మాత్రం ఆ షాట్ పోయినట్టే.

తల ఆకారం గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. 10 మీటర్లకు చదును తల, దాన్నే వాడ్‌కట్టర్ అంటారు. కాగితాన్ని పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది, రంధ్రం అంచు ఏ గీతను తాకిందో అనుమానం ఉండదు. గుండు తలది దూరానికి మంచిది. 25 మీటర్లు దాటితే చదును తల గాలికి తొందరగా అలసి చెదురుతుంది, అక్కడ గుండు తల గెలుస్తుంది. సూది మొనవి, మొనలో గుంట ఉన్నవి, మొనలో ప్లాస్టిక్ ముక్క ఉన్నవి డబ్బా మీద బొమ్మకు బాగుంటాయి. మొన సరిగ్గా మధ్యలో పడేలా అచ్చు పోయడం కష్టం, అందుకే కాగితం మీద ఇవి దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి.

ఇగ అసలు ముచ్చట, తల సైజు. ఒకే కంపెనీ ఒకే పేరుతో 4.48, 4.49, 4.50, 4.51, 4.52 అని అమ్ముతుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడాకు ఇంత హంగామా ఎందుకు అనిపిస్తుంది. తల బ్యారెల్‌కు వదులైతే పెల్లెట్ కొంచెం వంకరగా కూర్చుంటుంది, గాలి పక్క నుంచి జారుతుంది, ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ వేగం మారుతుంది. బిగువైతే సీసం రుద్దుకొని ఆకారం చెడుతుంది, బయలుదేరడానికే ఒక్కోసారి ఒక్కో బలం కావాలి, అప్పుడూ వేగం మారుతుంది. రెండు పక్కలా తప్పే. సరైన సైజు మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి. ఒకే రోజు ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు రైఫిళ్ళు వేర్వేరు సైజులు అడగడం మామూలే. అందుకే పక్క లేన్‌లో కుర్రవాడు 4.49తో బాగా కొడుతున్నాడని మీరూ 4.49 కొనడంలో అర్థం లేదు.

వర్నియర్ పట్టుకొని తల సైజు కొలుద్దామని కూర్చోకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే డిజిటల్ వర్నియర్ తప్పే 0.02 మి.మీ. ఉంటుంది, మీరు వెతుకుతున్న తేడా 0.01. మైక్రోమీటరైతే నొక్కినకొద్దీ సీసం లోపలికి పోతుంది, ఏ అంకె కావాలంటే ఆ అంకె చూపిస్తుంది. పైగా డబ్బా మీద అంకె బ్యాచ్ బ్యాచ్‌కూ కొంచెం జరుగుతుంటుంది. ఆ అంకెను ఇంటి నంబరు లాంటి గుర్తు అనుకోండి, కొలత అనుకోవద్దు.

బరువు సంగతి దీనికి ఉల్టా. జనం దీన్ని ఎక్కువ పట్టించుకుంటారు, అవసరం అంత లేదు. మ్యాచ్ రైఫిల్ (పోటీలకు వాడేది) పెల్లెట్ బరువు 0.53 గ్రాములు, అంటే 8.18 గ్రెయిన్లు. పిస్టల్‌ది ఇంకా తేలిక, 0.45 నుంచి 0.49 గ్రాముల దాకా. మ్యాచ్ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, శక్తి ఏడున్నర జౌల్స్ చిల్లర. 10 మీటర్లు పోయేలోపు భూమి ఆకర్షణకు సుమారు 18 మి.మీ. కిందికి దిగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. పెల్లెట్ బరువు 10 మిల్లీగ్రాములు తేడా వచ్చిందనుకోండి, అది 2 శాతం. వేగం 1 శాతం మారుతుంది, దిగుడు 2 శాతం, అంటే మూడో వంతు మిల్లీమీటరు. టార్గెట్‌లో రింగుకూ రింగుకూ దూరం 2.5 మి.మీ. కనుక దశాంశ స్కోరులో 0.1 పాయింటు అంటే 0.25 మి.మీ. అంటే 10 మిల్లీగ్రాముల తేడా ఖరీదు ఒకటిన్నర దశాంశాలు కూడా కాదు. మంచి డబ్బాలో ఎక్కువ పెల్లెట్లు 525, 535 మిల్లీగ్రాముల మధ్యే ఉంటాయి.

అదే తల సైజు కుదరక వేగం సెకనుకు 5 మీటర్లు అటూ ఇటూ ఊగిందనుకోండి. 170లో అది దాదాపు 3 శాతం, దిగుడులో 6 శాతం, మొత్తం ఒక మిల్లీమీటరు పైమాట. నాలుగు దశాంశాలు పోయాయి, అదీ నిలువు లెక్క ఒక్కటే. వంకరగా కూర్చున్న పెల్లెట్ పక్కలకు పోయేది వేరే. బంగారం కాటా ముందు కూర్చొని ఒక్కొక్క పెల్లెట్ తూచే ఓపిక ఉన్నవాళ్ళు ఆ ఓపికను తల సైజు పరీక్షకు పెడితే స్కోరు పెరుగుతుంది. 10 మీటర్లలో 654కు 600 దాటని షూటర్‌కు తూకం వేయడం టైంపాస్.

ఈ దశాంశాల గోల ఎందుకంటే, 2013 నుంచి అంతర్జాతీయ నియమాల్లో ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్ (ఫైనల్‌కు ముందు రౌండు) కూడా దశాంశాల్లోనే లెక్కిస్తున్నారు. 60 షాట్లకు గరిష్ఠం 654. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు క్వాలిఫికేషన్ 600కే లెక్క, దశాంశాలు ఫైనల్లో మాత్రమే. అప్పుడు పది అంచును తాకినా పదే, నడుమ తగిలినా పదే. ఇప్పుడు అదే పది 10.0 కావచ్చు, 10.9 కావచ్చు. పెల్లెట్ ఎంపిక విలువ అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్ళకు బరువు విషయంలో ఒక జాగ్రత్త. బ్యారెల్ విరిచి, అంటే కీలు దగ్గర వంచి, లోడు చేసే రకంలో పిస్టన్ ముందుకు దూకుతుంది, దాని ముందు గాలి మెత్తలా ఆపితేనే అది మెల్లగా ఆగుతుంది. మరీ తేలిక పెల్లెట్ పెడితే ఆ మెత్త చాలదు, పిస్టన్ ఎదురు గోడకు కొట్టుకుంటుంది. ఎక్కువ వేగం అని ప్రకటించే అల్యూమినియం రంగు పెల్లెట్లతో స్ప్రింగు, సీలు రెండూ తొందరగా పోతాయి. 10 గ్రెయిన్లు దాటిన బరువైతే పిస్టన్ వెనక్కి ఎగిరి తన్నుతుంది. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర గ్రెయిన్ల మధ్య మామూలు సీసం పెల్లెట్ దగ్గర ఆగండి.

పరీక్షకు ఎన్ని రకాలు కొనాలి? నాలుగు చాలు. హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, జేఎస్‌బీ మ్యాచ్ ఈ మూడింట్లో రెండు, మీ ఊరికి సులువుగా తెప్పించుకోగలిగే ప్రాక్టీస్ రకం ఒకటి. మొదటి రెండింట్లో ఒకదాన్ని రెండు తల సైజుల్లో తీసుకుంటే నాలుగు అవుతాయి. పది రకాలు తెచ్చుకుంటే ఏదో ఒకటి అదృష్టవశాత్తు బాగా కనిపిస్తుంది, అదే నిజమనుకుంటాం.

డబ్బా మూత తీయగానే కాల్చేయకండి. ఒక గుడ్డ మీద యాభై పెల్లెట్లు పోసి కదిపితే అడుగున బూడిద రంగు సీసం పొడి మిగులుతుంది. అది గుడ్డకు అంటనివ్వాలి, ఊదొద్దు, వంటింటి జల్లెడ అసలే వాడొద్దు. తర్వాత ఒక చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేనిది. ఫోటో ఫ్రేము గాజు పలకను బల్ల మీద పెట్టి, ఒక అంచు కింద అగ్గిపెట్టె దూర్చండి. పై అంచున పెల్లెట్‌ను అడ్డంగా పెట్టి వదలండి. తల, స్కర్ట్ వ్యాసాలు ఒకటి కాదు కాబట్టి అది నేరుగా దొర్లదు, గిత్త మలుపు తిరిగినట్టు ఒక వంపు తీసుకుంటుంది. వరసగా దొర్లిస్తే దాదాపు అన్నీ ఒకే చోట దిగుతాయి. ఎప్పుడో ఒకటి ఎక్కువ వంపు తిరిగి గాజు పక్క నుంచి పడిపోతుంది, దాని తలో స్కర్టో మిగతావాటి సైజు కాదు. ఇంకోటి దొర్లుతూ టకటకమని ఎగురుతుంది, దాని స్కర్ట్ సొట్ట పడింది. భూతద్దం కింద కూడా తప్పించుకునే సొట్ట గాజు మీద చప్పుడుతో పట్టుబడుతుంది. ఈ రెండు రకాలూ పక్కన పెట్టి మొదటి వేడెక్కించే షాట్లకు వాడుకోవచ్చు. డబ్బాలో నూటికి ఐదు కంటే ఎక్కువ పోతుంటే అది పేరుకే మ్యాచ్ డబ్బా.

బ్యారెల్ విరిచే రైఫిల్ అయితే ఇంకో పరీక్ష. ముందు స్ప్రింగు ఎక్కలేదని రూఢి చేసుకోవాలి. స్ప్రింగు ఎక్కిన రైఫిల్‌లో బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఉచ్చులా మూసుకొని వేలు తీసేస్తుంది, లోడు చేసే ప్రతిసారీ ఒక చేయి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకొనే ఉండాలి. పెల్లెట్‌ను బొటనవేలితో నెట్టి కూర్చోబెట్టి, క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా మూతి దాకా తోయండి. మొదట కొంచెం బిగువు, తర్వాత ఒకే తీరుగా సాగాలి. మధ్యలో ఎక్కడైనా వదులైతే బ్యారెల్ అక్కడ వెడల్పు, మూతి దగ్గర వదులైతే ఆ బ్యారెల్‌కు ఏ పెల్లెట్టూ పెద్దగా మేలు చేయదు. బయటికొచ్చిన పెల్లెట్‌ను చూడండి. తల చుట్టూ సన్నటి గీతలు అన్ని పక్కలా సమానంగా, స్కర్ట్ మీద లోతైన గాట్లు ఉంటే సైజు కుదిరినట్టు. తల మీద ఒక పక్కే గీతలుంటే వదులు. తలకూ స్కర్ట్‌కూ ఒకే లోతు గాట్లు పడి, పక్కన సీసం తీగలా లేచిందంటే బిగువు. ఇది దారి చూపిస్తుంది అంతే, తీర్పు కాగితానిదే.

కాగితం దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి. అందరూ చేసే పని ఏంటంటే, ఒక్కో రకం ఐదు షాట్లు కొట్టి, చిన్న గ్రూపు వచ్చినదాన్ని గెలిపించడం. అదే రైఫిల్, అదే పెల్లెట్, అదే మనిషితో ఐదు షాట్ల గ్రూపు ఒకసారి 5 మి.మీ., ఇంకోసారి 8 మి.మీ. రావడం మామూలు సంగతి. ఐదు షాట్లతో పెల్లెట్‌ను ఎంచుకోవడం అంటే బొమ్మా బొరుసూ వేసుకోవడమే. ఒక్కో రకానికి పది షాట్ల గ్రూపులు మూడు కొట్టండి. పది షాట్ల గ్రూపు ఐదు షాట్లదానికంటే సగటున పావు వంతు పెద్దగా వస్తుంది, అది చూసి దిగులు పడొద్దు. మూడు గ్రూపుల సగటు తీయండి. రెండు రకాల సగటుల మధ్య తేడా ఐదో వంతు కంటే తక్కువ ఉంటే ఆ తేడాను నమ్మకండి. ఒకటి 8.6, ఇంకోటి 9.2 వస్తే రెండూ ఒకటే, ధర తక్కువది కొనుక్కోండి. 6.5 వచ్చిందంటే మాత్రం అది నిజంగా మేలైనది.

రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి రావు. బ్యారెల్ లోపల పాత పెల్లెట్ సీసం పూత పోయి కొత్తది పట్టేదాకా గ్రూపు తిరుగుతుంది. ఈ షాట్లు వేరే కాగితం మీద కొట్టండి. వరస కూడా ముఖ్యం. ముందు మొదటి రకం మూడు గ్రూపులు, తర్వాత రెండోదానివి మూడు అని పోతే చివరి రకానికి వచ్చేసరికి భుజం అలసిపోతుంది, గాలి సిలిండర్ ఉన్న రైఫిల్ అయితే అందులో గాలి తగ్గుతుంది, నింద పెల్లెట్ మీద పడుతుంది. నాలుగు రకాలూ ఒక్కో గ్రూపు కొట్టి, మళ్ళీ చివరి నుంచి వెనక్కి ఒక్కో గ్రూపు, మళ్ళీ ముందు నుంచి. పెల్లెట్లు ఎక్కువే ఖర్చవుతాయి, ఒక పూట పోతుంది. ఏడాదంతా తప్పు డబ్బా కొనడం కంటే చవక.

రైఫిల్‌కు ఆసరా కావాలి, నిలబడి కొట్టి పెల్లెట్‌ను పరీక్షించలేం. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి కింద కత్తిరించి, ఒక పక్క కుట్టి, జల్లించి ఎండబెట్టిన ఇసుక ముప్పావు వంతు నింపి రెండో పక్క కుట్టండి. అట్లాంటివి రెండు, ముందుది పెద్దగా, వెనుకది చిన్నగా. నిండుగా నింపితే రాయిలా అవుతుంది, రైఫిల్ దాని మీద ఎగురుతుంది. గాలి సిలిండర్ ఉన్న రైఫిల్‌ను గట్టిగా ఆనించినా పరవాలేదు. స్ప్రింగ్ రైఫిల్‌ను మాత్రం మూట మీద నేరుగా పెట్టొద్దు. అది పెల్లెట్ బ్యారెల్ దాటకముందే ముందుకూ వెనక్కూ కదులుతుంది, గట్టి ఆసరా ఉంటే ప్రతిసారీ వేరే పక్కకు తంతుంది. అరచేతిని మూట మీద తెరిచి పెట్టి, దాని మీద రైఫిల్‌ను పసిపాపను మోసినట్టు వదులుగా ఉంచాలి. ప్రతి షాట్‌కూ చేయి అదే చోట ఉండేలా రైఫిల్ కట్టె మీద చాక్‌పీస్ గీత పెట్టుకోండి.

ఫ్యాను ఆపండి. కూలర్ అయితే తప్పకుండా ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఈ మాట చెప్పడం పాపమే, కానీ లేనుకు అడ్డంగా వచ్చే కూలర్ గాలి పెల్లెట్‌ను మిల్లీమీటర్ల లెక్కన జరుపుతుంది, అది ఆగి తిరిగే కొద్దీ గ్రూపు పక్కలకు సాగుతుంది. గ్రూపు అడ్డంగా పొడుగైతే గాలినో, పట్టునో అనుమానించాలి. నిలువుగా పొడుగైతే వేగం ఊగుతోంది, అది పెల్లెట్ సైజో, సీలో. గుండ్రంగానే ఉండి పెద్దగా ఉంటే పెల్లెట్ బ్యారెల్‌కు నచ్చలేదు.

కొలిచేటప్పుడు గ్రూపు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి అదే కాగితం మీద పడ్డ ఒంటరి రంధ్రం వ్యాసాన్ని తీసేయండి. 4.5 తీసేయమని అంతటా రాస్తారు. కాగితం కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి రంధ్రం అంతకంటే చిన్నగా కనిపిస్తుంది, అందుకే మీ కాగితం కొలతే వాడాలి. న్యూస్‌పేపర్ మీద కొడితే అంచులు చిరిగి ఏదీ కొలవలేం. టార్గెట్ కార్డు వెనుక పాత శుభలేఖ అట్ట ఒకటి ఆనిస్తే రంధ్రం శుభ్రంగా పడుతుంది. ప్రతి ఇంట్లో కట్టలకొద్దీ ఉంటాయి, ఇట్ల అయినా పనికొస్తాయి.

ఇంకో మాట. ఒక షాట్ దూరంగా పోయినప్పుడు "ఇది నా తప్పు, లెక్కలోంచి తీసేద్దాం" అనిపిస్తుంది. నచ్చిన పెల్లెట్‌కు ఆ దయ ఎక్కువ చూపిస్తాం. ట్రిగ్గర్ లాగిన వెంటనే, రంధ్రం చూడకముందే నోటితో చెబితేనే అది మీ తప్పు. చూశాక చెబితే అది పెల్లెట్ తప్పు.

పది అంటే ఏంటో గుర్తుంచుకుంటే ఎంత చిన్న గ్రూపు చాలో తెలుస్తుంది. నడిమి చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే, కానీ పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు పది. అంటే పెల్లెట్ కేంద్రం 2.5 మి.మీ. లోపు పడితే పదే. కేంద్రం నుంచి కేంద్రానికి 5 మి.మీ. గ్రూపు, అదీ సరిగ్గా నడుమ కూర్చుంటే, అన్నీ పదులే. మంచి మ్యాచ్ రైఫిల్, కుదిరిన బ్యాచ్ కలిస్తే 2 మి.మీ. లోపే వస్తుంది. మామూలు స్ప్రింగ్ రైఫిల్ 10 మీటర్లలో 8 నుంచి 12 ఇస్తే దాన్ని తిట్టొద్దు, నేర్చుకోవడానికి అది చాలు. చెర్వుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో బుగ్గలు పేల్చే దుకాణం తుపాకీతో మాత్రం పెల్లెట్ పరీక్ష పెట్టకండి. వంకర పోయిన బ్యారెల్‌కు ఏ మందూ లేదు.

కుదిరిన రకం దొరికాక సగం పనే అయింది. పేరు, సైజు ఒకటే అయినా బ్యాచ్ మారితే అచ్చు మారి ఉండొచ్చు, గ్రూపు మారుతుంది. డబ్బా మీద ఉన్న బ్యాచ్ నంబరు రాసి పెట్టుకొని అదే బ్యాచ్ ఒకేసారి కొనాలి. ఎంత కొనాలో లెక్క ఇది: రోజుకు 100 షాట్లు, నెలకు 25 రోజులు అంటే 2,500. 500 పెల్లెట్లు పట్టే డబ్బాలు ఐదు. ఆరు నెలలకు ముప్పై డబ్బాలు. అంత పైసలు ఒకేసారి పెట్టలేకపోతే ప్రాక్టీసుకు చవక రకం వాడి, పరీక్షలో నెగ్గిన బ్యాచ్‌ను పోటీలకూ పోటీ ముందు వారానికీ దాచుకోండి. పోటీ రోజున సైటు సరిచూసుకునే షాట్లతో కలిపి ఎనభై తొంభై దాటవు. పోటీ ముందు వారం తప్పదు, ఎందుకంటే రకం మారితే పడే చోటూ మారుతుంది, సైటు మళ్ళీ సరిచేసుకోవాలి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దొరికితే పది షాట్ల వేగం రాసుకోండి. ఎక్కువకూ తక్కువకూ తేడా గాలి సిలిండర్ రైఫిల్‌లో సెకనుకు 3 మీటర్ల లోపు, స్ప్రింగుదైతే 5 లోపు ఉంటే సంతోషించవచ్చు. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజ్‌కు ప్రాక్టీసుకు పోయేవాళ్ళు అక్కడ సీనియర్లను అడిగితే పరికరం చూడటానికి దొరకొచ్చు.

మన ఎండ పెల్లెట్‌ను ఏమీ చేయదు, సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. ఎండ చెడగొట్టేది సిలిండర్‌ను. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్ 45 డిగ్రీలకు 213 చూపిస్తుంది, ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలైతే 223. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే దారిలో టిఫిన్‌కు ఆగి రైఫిల్‌ను డిక్కీలో వదిలేసేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, మ్యాచ్ సిలిండర్ల ఆయుష్షు పదేళ్ళు, దాటితే పోటీలో అనుమతించరు. పెల్లెట్‌కు శత్రువులు కుదుపు, తేమ. బైకు డిక్కీలో సగం ఖాళీ డబ్బా పెట్టుకొని గుంతల రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు పోతే పెల్లెట్లు ఒకదాన్నొకటి గుద్దుకొని సగం స్కర్ట్‌లు వంగుతాయి. మూత కింద స్పాంజి ముక్క పెట్టి ఖాళీ నింపండి. వానాకాలంలో పెల్లెట్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. అది తుప్పు పట్టిన సీసం, తుడిచినా ఆకారం తిరిగి రాదు, ఒంటికీ మంచిది కాదు. మందుల సీసాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి డబ్బాలో వేస్తే చాలు.

నూనె విషయం చెప్పకపోతే ఈ పోస్టు అసంపూర్ణం. బ్యారెల్ మెరవాలని కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె పోసేవాళ్ళు ఉన్నారు. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు లోపల వేడి పుడుతుంది, నూనె ఆవిరి డీజిల్ ఇంజనులో లాగే అంటుకుంటుంది. టప్‌మని పెద్ద చప్పుడు, మూతి నుంచి పొగ, కాలిన వాసన. పెల్లెట్ ఆ షాట్‌కు మామూలు కంటే వేగంగా పోతుంది, పిస్టన్ సీలు కాలుతుంది. కొత్త రైఫిల్ మొదటి కొన్ని షాట్లకు ఇట్ల పొగ రావడం సహజం, తయారీలో మిగిలిన నూనె అది. వందల షాట్ల తర్వాత కూడా వస్తుంటే ఎవరో నూనె పోశారు. ఆ స్థితిలో పెల్లెట్ పరీక్ష పెడితే మీరు కొలిచేది పెల్లెట్‌ను కాదు, నూనెను. శుభ్రానికి ఫెల్ట్ ముక్కలు పొడిగా దూర్చి తోస్తే చాలు, అదీ గ్రూపు పాడైనప్పుడే. శుభ్రం చేశాక మళ్ళీ సీసం పూత పట్టడానికి ఇరవై షాట్లు పోతాయి.

పెల్లెట్ ఆగే చోటు కూడా ముందే చూసుకోవాలి. మన ఇళ్ళ చుట్టూ నాపరాయి గోడలు, చేను గట్ల మీద గుండ్లు. వాటిని కొడితే పెల్లెట్ అదే దారిలో వెనక్కి వస్తుంది, కంటికి అద్దాలు లేకుండా కొట్టొద్దు. లోతైన చెక్క పెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనుక 3 మి.మీ. ఇనుప రేకు కిందికి వాల్చి పెడితే పెల్లెట్లన్నీ పెట్టెలోనే రాలుతాయి. గువ్వలు, కోతులు, నెమళ్ళు టార్గెట్లు కావు, 1972 వన్యప్రాణి చట్టం ఎయిర్ గన్ అని విడిచిపెట్టదు. అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు లోపలికి, అమ్రాబాద్ పులుల అడవిలోకి రైఫిల్ బండిలో పెట్టుకొని పోవడమే తప్పు.

పెల్లెట్‌ను పళ్ళతో పట్టుకునే అలవాటు మానండి, కాల్చాక సబ్బుతో చేతులు కడగండి, పిల్లలకు డబ్బా అందనివ్వొద్దు. పెట్టెలో రాలిన సీసం చీపురుతో ఊడ్చొద్దు, తడి గుడ్డతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేసి పాత సీసం కొనే ఆయనకు ఇవ్వండి. పశువుల కొట్టం పక్కన, గడ్డివాము దగ్గర రేంజ్ పెట్టకండి. పశువులు నేల మీది సీసాన్ని నాకుతాయి, కొద్దిగా కడుపులోకి పోయినా బర్రె కళ్ళు కనబడక గోడలకు కొట్టుకొని రోజుల్లో చనిపోవచ్చు.